ఎదుటి కుప్ప

కారు తలుపు తీసీ తీయకముందే మిరపకాయ ఘాటు మొహాన కొట్టింది. వరసగా నాలుగు తుమ్ములు, ఆ వెంటే దగ్గు, కళ్ళ నిండా నీళ్ళు. కల్లంలో టార్పాలిన్ పట్టాల మీద వరసలు కట్టి కూర్చుని ఎండుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. "ఒంగోలు వెళ్ళాక టీచరమ్మ ముక్కు మెత్తబడిపోయిందే!" అని ఒకావిడ గట్టిగా అరిచింది. నేను పుట్టి పెరిగింది దర్శికి నాలుగు మైళ్ళ అవతల, మిరప చేల మధ్యే. ఇదే ఘాటులో ఎక్కాలు నేర్చుకున్నాను. అయినా ఇరవై ఏళ్ళకు పైగా బడిలో సుద్దముక్కల పొడి పీల్చి పీల్చి నా ముక్కు సొంత ఊరిని మర్చిపోయినట్టుంది.

నేను వచ్చింది సలోమి పిన్నిగారిని నాతో తీసుకుపోదామని. నోటి పిలుపుకి పిన్నిగారే గానీ ఆవిడ నాకు చుట్టం కాదు. మా జీవరత్నం మాస్టారి భార్య. మాస్టారు పోయి మూడేళ్ళయింది, వాళ్ళకి పిల్లల్లేరు. పోయిన నెల పిన్నిగారు వాకిట్లో జారిపడి చెయ్యి బెణికించుకున్నారని తెలిసింది మొదలు నాకు కాలు నిలవలేదు. ఈ వయసులో ఒంటరిగా ఎలా ఉంటారు, రేపు మళ్ళీ పడితే ఎవరు చూస్తారు అని నాలో నేనే వాదించుకుని, నాలో నేనే తీర్పు చెప్పేసుకుని, మా ఇంట్లో వెనక గది ఖాళీ చేయించి, కొత్త పరుపు వేయించి, ఆవిడ బట్టలు సర్దడానికి రెండు పెద్ద సంచులు కూడా కార్లో పెట్టుకుని వచ్చాను. ఆవిడకి మాత్రం ఫోనులో "ఊరికే, చూసిపోదామని వస్తున్నా" అన్నాను.

"వచ్చావా రాజ్యం! కూర్చో, ఈ పట్టా అయిపోనీ," అంటూ పిన్నిగారు తన ఎదురుగా చోటు చూపించారు. డెబ్బై దాటిన మనిషి. తలకి తువ్వాలు, ముక్కుకి అడ్డంగా పాత చీర ముక్క. నేను కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని కూర్చున్నాను. ఎర్రటి కాయలు ఒక పక్క, అక్కడక్కడా రంగు పోయి తెల్లమచ్చలు పడ్డ తాలు కాయలు ఒక పక్క. చేతులకి పాత పని గుర్తుకొస్తుండగానే వరస చివర నించి కేక వినబడింది. "ఎదుటి కుప్పా!" అంతే, అప్పుడే కూర్చున్న నేనూ, నా ఎదురుగా ఉన్న పిన్నిగారూ తప్ప అందరూ లేచి, ఎదురు వరసలోకి మారి, అవతలి మనిషి ఏరిన కుప్ప ముందు కూర్చుని అందులో మిగిలిపోయిన తాలు వెతకడం మొదలుపెట్టారు. నేను చూసినంతలో ఇంకే కల్లంలోనూ ఈ పద్ధతి లేదు. ఆ కేక వినగానే నా మనసు మాస్టారి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, నల్లటి ఒళ్ళు, ఎప్పుడూ తెల్ల పొట్టిచేతుల చొక్కా. ఆ చొక్కా జేబు మీద మాత్రం ఎంత ఉతికినా వదలని ఎర్రమరక ఒకటి ఉండేది. మా జూనియర్ కాలేజీలో ఆయన తర్కశాస్త్రం చెప్పేవారు. ఆ సబ్జెక్టు ఒకటుందని కూడా చాలామందికి తెలియదు. అందులో మార్కులు సులువుగా పడతాయని ఎవరో చెబితే చేరిన ఐదుగురిలో నేనొకదాన్ని. అబ్బో, ఎంత సులువో మొదటి వారంలోనే తెలిసింది! ఆయన క్లాసులో పాఠం వినడం కాదు, ఆయనతో పోట్లాడాలి. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టుకోవాలి. ఎవరైనా పట్టుకుంటే, బల్ల మీద పొట్లంలో ఉంచిన తాలు కాయల్లో ఒకటి తీసి, అందరూ చూస్తుండగా తన జేబులో వేసుకునేవారు. "ఇది నా తాలు. ఏరి ఇచ్చినందుకు థాంక్సమ్మా," అనేవారు. జేబు మీద మరక అదే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు దానికంటే ముందుంటుంది. అలాంటి నాకు లెక్చరర్‌ని ఓడించే క్లాసు దొరికితే ఇంకేం కావాలి!

మాస్టారు దర్శి పక్కనే రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసేవారు. కోతల కాలంలో ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఐదుగురినీ ఈ కల్లానికే పిలిచేవారు, పాఠానికి పాఠం, పనికి పని. అక్కడ అధికారం ఆయనది కాదు, వాళ్ళమ్మ ఏసమ్మ మామ్మది. మామ్మ జీవితమంతా పరాయి కల్లాల్లో కూలికి కాయలు ఏరి, ఆ కూలితోనే కొడుకుని ఎమ్మే దాకా చదివించింది. మొదటి ఆదివారం నేను నా కుప్ప ఏరేసి, అందరికంటే ముందు అయిపోయిందని చేతులు దులుపుకున్నాను. మామ్మ "ఎదుటి కుప్పా!" అని కేక పెట్టి, నా కుప్ప ముందు చతికిలబడి, చిటికెలో పిడికెడు తాలు తీసి నా ఒళ్ళో పోసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను చూసే ఏరాను మామ్మా!" అన్నాను గట్టిగా.

"చూశావులే అమ్మా, కాదన్నానా? నీ కుప్పని చూసినట్టు చూశావు. నీది నీ కంటికి ఎర్రగానే కనబడిద్ది. అందుకే ఎదుటోళ్ళ చేత చూపించుకునేది," అంది మామ్మ. 

మాస్టారు పక్కనే గోనె సంచిలోకి కాయలు తొక్కుతున్నారు. "రాజ్యం, ఇవాళ్టి పాఠం అయిపోయింది," అన్నారు. తర్వాత పట్టా అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చారు. మన పాత తర్కంలో పూర్వపక్షం అని ఒక పద్ధతి ఉందట. నీ వాదన చెప్పేముందు ఎదుటివాడి వాదన నువ్వే చెప్పాలి. ఎలాగంటే, వాడు విని "అవును, ఇదే నా మాట" అని తల ఊపేలా చెప్పాలి. అప్పటిదాకా నీ మాట చెప్పే హక్కు నీకు రాదు. "దీన్ని నేను రెండేళ్ళు పుస్తకాల్లో చదివాను. సెలవలకి ఇంటికొచ్చి చూస్తే మా అమ్మ రోజూ కల్లంలో చేసే పనే ఇది. ఆవిడకి ఆ పేరు తెలియదు, అంతే తేడా," అని నవ్వారు. ఆ సమయానికి పిన్నిగారు టీ తెచ్చి అందరికీ గ్లాసులు అందించారు. ఖాళీ గ్లాసులు ఏరుకుని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మేమెవరం ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

తర్కం పరీక్ష రాసి, పాసై, తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసి, దాచేపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఉద్యోగంలో చేరాను. పూర్వపక్షం, గీర్వపక్షం అన్నీ ట్రంకుపెట్టెలో అడుగున పడ్డాయి. ఆ ఊళ్ళో కాయ కోతలు మొదలైతే నా తరగతిలో సగం బెంచీలు ఖాళీ. నాకు పట్టరాని కోపం. ఒకరోజు నేరుగా చేలోకి వెళ్ళి, గట్టు మీద నిలబడి, "ఆడపిల్లల్ని బడి మాన్పించి కాయలు కోయిస్తారా, సిగ్గు లేదా మీకు?" అని తల్లుల్ని అందరి ముందూ కడిగేశాను. మర్నాడు హెడ్మాస్టరు స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను కడిగేశాడు. ఇంక చేలకి వెళ్ళొద్దన్నాడు. నేను అక్కడికక్కడే రాజీనామా ఉత్తరం రాసి, శనివారం బస్సెక్కి దర్శి వచ్చాను. ఆ ఉత్తరాన్ని మాస్టారికి చూపించి శభాష్ అనిపించుకుందామని నా ఆశ.

మాస్టారు వరండాలో కూర్చుని ఉత్తరం రెండుసార్లు చదివారు. "చేతిరాత బాగుపడింది," అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఇప్పుడు మీ హెడ్మాస్టారి పక్షం చెప్పు," అన్నారు.

"ఆయనకి పిల్లల చదువు పట్టదండీ."

"అది ఆయన మాట కాదు. ఆయన గురించి నీ మాట."

"ఊళ్ళో వాళ్ళంటే భయం."

"అదీ నీ మాటే."

"ఆడది పేరు తెచ్చుకుంటుందని కుళ్ళండీ మాస్టారూ, ఇంకేముంది!"

ఆయన పకపకా నవ్వారు. "సరే, పక్షం వద్దు. ఆయన నీతో అన్న మాటలు అన్నవి అన్నట్టు చెప్పు."

నేను గుర్తు చేసుకుంటూ చెప్పాను. ఆయన తిట్టిన తిట్లన్నీ చెప్పాను. చివర్లో, ఏదో వదిలేయడం ఎందుకన్నట్టు, "గట్టు మీద నలుగురి ముందూ తిట్టించుకున్న తల్లి రేపు పిల్లని మీ దగ్గరికి పంపుతుందా టీచర్ గారూ, అని కూడా అన్నాడు," అన్నాను. 

"ఈ మాట ఆయన అన్నాడా?" 

"అన్నాడు." 

"మరి ఇందాకటి నించీ నాకు చెప్పలేదేం?" 

ఆ మాట నా చెవిలో పడింది గానీ, నా కోపంలో దానికి చోటు లేక బయటే నిలబడిపోయింది. మాస్టారు ఉత్తరం మడిచి నా చేతికిచ్చారు. "చింపొద్దు, దాచుకో. ఎదుటివాడి మాట సరిగ్గా చెప్పగలిగితే మనం లొంగిపోవాలని ఎక్కడా లేదు. ఆయన మాట ఆయన ఎదుటే నువ్వు చెప్పు, ఆయన తల ఊపాలి. ఆ తర్వాత కూడా ఇవ్వాలనిపిస్తే నిక్షేపంగా ఇచ్చెయ్యి." సోమవారం వెళ్ళి చెప్పాను. హెడ్మాస్టరు తల ఊపడమే కాదు, సాయంత్రం నాతో పాటు ఆ తల్లుల ఇళ్ళకి కూడా వచ్చాడు. ముందు నేను క్షమాపణ చెప్పాను. ఆ నెలలో ఆరుగురు పిల్లలు తిరిగొచ్చారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు మారాలన్నా, ఆఖరికి మా ఆయనతో పోట్లాడాలన్నా ముందు దాన్ని తీసి చూసుకుంటాను.

నా ఒక్కదానికే కాదు. చెల్లెలి పెళ్ళి గురించి తేల్చుకోలేనివాళ్ళు, గట్టు తగాదా పడ్డ అన్నదమ్ములు, పత్తి తీసేసి మిరప వేయాలా వద్దా అని కొట్టుకునే తండ్రీ కొడుకులు అందరూ ఆ వరండాకే వచ్చేవాళ్ళు. ఆయన ఎవరికీ సలహా ఇచ్చేవారు కాదు. అవతలివాడి మాట చెప్పించేవారు, అంతే. లోపల గదిలో ఏసమ్మ మామ్మ మంచంలో ఉండేది. పక్షవాతం వచ్చి పదకొండేళ్ళు లేవలేదు. పిన్నిగారు ఆవిణ్ణి ఎత్తి కూర్చోబెట్టడం, తుడవడం, తినిపించడం, మధ్యలో వరండాలోకి టీలు. నేను వెళ్ళినప్పుడల్లా అదే చూశాను. చూసి, "పాపం పిన్నిగారు" అనుకుని, టీ తాగి, నా గొడవ చెప్పుకుని వచ్చేసేదాన్ని. మామ్మ పోయాక ఆ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టు అనిపించింది గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఎనిమిదేళ్ళ క్రితం పిన్నిగారు నాకు మొదటిసారి ఫోను చేశారు. "రాజ్యం, మీ మాస్టారు ఎవరి మాటా వినట్లేదమ్మా. ఒకసారి గుంటూరు రాగలవా?" అన్నారు. పత్తి కట్టె కొట్టించిన చేలో మాస్టారు వట్టి కాళ్ళతో నడిచారట. చేలోకి చెప్పులతో పోవడం మా వైపు పెద్దవాళ్ళకి మనసొప్పదు. నేల మీద మిగిలిన పత్తి మోడు మడమలో దిగింది. షుగరు జబ్బుతో కాలికి స్పర్శ ఎప్పుడో పోయింది కాబట్టి ఆయనకి తెలియనే లేదు. వరండాలో రక్తం మరక పిన్నిగారు చూస్తేగానీ బయటపడలేదు. అంత తర్కం చదివిన మనిషి పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మూడు వారాలు తిరిగారు. గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి కాలు నల్లబడింది. మోకాలి కింద తీసేస్తే ప్రాణం దక్కుతుందనీ, రేపు పొద్దున్నకల్లా ఒప్పుకోకపోతే తాము చేయగలిగింది లేదనీ డాక్టరు చెప్పేశాడు. మాస్టారు ఒకటే మాట. "కాలు తీయించుకోను. నన్ను ఇంటికి తీసుకుపొండి."

మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలోకి అడుగుపెట్టగానే నేను తిట్టడం మొదలుపెట్టాను. మాస్టారు అన్న గౌరవం కూడా చూడలేదు. చిన్నపిల్లాడిలా మొండికేస్తారా, పిన్నిగారి మొహం చూశారా, ఊరందరికీ బుద్ధులు చెప్పి మీరు చేసేదిదా అని ఏడుస్తూ అరిచాను. ఆయన చివరిదాకా విన్నారు. జ్వరంతో పెదాలు ఎండిపోయి ఉన్నాయి. 

"అయిందా? ఇప్పుడు నా పక్షం చెప్పు."

"మీకు ఆపరేషనంటే భయం."

"అది నా మాట కాదు. నా గురించి నీ మాట."

"మీకు అహం. కర్ర పట్టుకుని నలుగురి ముందూ నడవడం నామోషీ."

"కాదు."

"దేవుడు చూసుకుంటాడని మీ నమ్మకం."

"దేవుడి మీదికి తోయకమ్మా, ఆయనకి వేరే పనులుంటాయి." ఆ స్థితిలోనూ ఆయనకి వేళాకోళమే. నాకు చిర్రెత్తుకొచ్చి బయటికి వచ్చేశాను.

వరండా చివర కుళాయి దగ్గర పిన్నిగారు టిఫిన్ క్యారియర్ కడుగుతున్నారు. గిన్నె మూత తీయడానికి అవస్థ పడుతున్నారు. నేను అందుకుందామని వెళ్ళి, మొదటిసారిగా ఆవిడ చేతులు చూశాను. రెండు మణికట్లూ ఉబ్బి ఉన్నాయి, కుడి చిటికెన వేలు వంగిపోయి మళ్ళీ తిన్నబడటం లేదు. "ఏంటి పిన్నిగారూ ఇది?" అంటే, "ఎప్పటిదోలే. అత్తయ్యని ఎత్తేటప్పుడు పట్టేసింది," అన్నారు. మూత తీసి ఆవిడ చేతికిచ్చి, పరుగులాంటి నడకతో గదిలోకి వెళ్ళాను.

"మాస్టారూ, మళ్ళీ చెబుతాను. పదకొండేళ్ళు పిన్నిగారు మామ్మని ఎత్తడం మీరు చూశారు. ఆ చేతులు ఎలా అయిపోయాయో చూశారు. ఇప్పుడు మళ్ళీ మిమ్మల్ని ఎత్తాలి. ఆ మాట పైకి అంటే 'నేను చూసుకుంటాగా' అని ఆవిడ అంటారు, మీరు తప్పించుకోలేరు. అందుకని మొండితనం అని పేరు పెట్టి మీరు వెళ్ళిపోదామనుకుంటున్నారు. ఇదేనా?"

ఆయన చూపు పైకప్పు మీదికి పోయింది. కళ్ళ చివర్ల నించి నీళ్ళు చెవుల వైపు జారాయి. తల ఊపారు. "అవునమ్మా. ఇదే నా మాట. సలోమి అలిసిపోయింది. ఇంక చాకిరీ చేయలేదు. నేను బరువు కాకుండా పోతే దాని బతుకు దానికుంటుంది. దీనికి జవాబు ఉంటే చెప్పు."

"అది నా మాట కాదండీ."

ఇద్దరం ఉలిక్కిపడి చూశాం. గుమ్మంలో పిన్నిగారు, చేతిలో తడి క్యారియర్. "అది నా మాట కాదు, నా గురించి మీ మాట," అన్నారు ఆవిడ. నలభై ఏళ్ళుగా వరండాలో ఆయన అందరినీ ఆ మాటతో నిలదీయడం, లోపల గ్లాసులు కడుగుతూ ఆవిడ వింటూనే ఉన్నారు మరి.

"అత్తయ్యని ఎత్తీ ఎత్తీ నా చేతులు పోయినమాట నిజమే. కాదనను. కానీ ఆ పదకొండేళ్ళూ ఆ ఇంట్లో నాతో మాట్లాడింది అత్తయ్య ఒక్కతేనండీ. కూర్చోబెట్టి తల దువ్వుతుంటే తన చిన్నప్పటి సంగతులన్నీ చెప్పేది. నువ్వు తిన్నావా అని అడిగేది. మీరు వచ్చినోళ్ళందరి పక్షాలూ వినేవాళ్ళు. దర్శి అంతా మీ వరండాలో కూర్చుంది, నేను తప్ప. ఒక్కరోజు, ఒక్కరోజన్నా 'సలోమీ, నీ మాటేంటి' అన్నారా? ఇప్పుడు చచ్చిపోవడానికి నా పేరు అడ్డం పెట్టుకుంటారా? కాలు లేకపోతే ఇంటిపట్టున ఉంటారు. ఉండండి. నాతో మాట్లాడండి. నా మాట అది."

అలా అని ఆవిడ క్యారియర్ కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మాస్టారి చెయ్యి మెల్లగా గుండె మీదికి వెళ్ళి ఎడమ పక్క తడుముకుంది. ఏం వెతుకుతున్నారో నాకు వెంటనే అర్థమైంది. ఆసుపత్రి వాళ్ళు తొడిగిన ఆకుపచ్చ చొక్కాకి జేబు లేదు. "రాజ్యం, ఇంత పెద్ద తాలు ఎక్కడ పెట్టుకోనమ్మా," అన్నారు. తర్వాత పిన్నిగారి వైపు తిరిగి, "డాక్టరుగారిని పిలవమను సలోమీ," అన్నారు.

ఆ తర్వాత మాస్టారు ఐదేళ్ళు బతికారు, కట్టుడు కాలుతో. కల్లంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. వరండాలో ఇప్పుడు రెండు కుర్చీలు ఉండేవి. వచ్చినవాళ్ళకి టీ కావాలంటే వాళ్ళే లోపలికెళ్ళి పెట్టుకోవాలి, ఆయన హుకుం. ఆయన పోయిన నెలకి వెళితే పిన్నిగారు ఆయన చొక్కాలు మడతపెడుతున్నారు. ఒక్కో జేబూ మరకలతో ముదురు ఎరుపెక్కిపోయి ఉంది. కాలేజీ రోజుల్లో కూడా అంత మరక నేను చూడలేదు.

"రోజూ పొద్దున్నే టీ తాగుతూ నా పక్షం చెప్పేవారు," అన్నారు పిన్నిగారు. "ఇవాళ నీకు చర్చికి వెళ్ళాలని లేదు అనో, చీరాల చీరల మూట అతను వస్తే నీకు నీలం రంగుది కొనుక్కోవాలని ఉంది అనో. తప్పయితే కాయ జేబులో పడాల్సిందే. చొక్కా నానబెట్టేముందు జేబు దులపడమే నాకు పనైపోయింది."

"ఒక్కసారన్నా సరిగ్గా చెప్పారా?"

"ఎందుకు చెప్పలేదూ! ఒకరోజు, 'సలోమీ, నీకు వంకాయ కూర పడదు, నాకోసం ఇన్నేళ్ళూ తిన్నావు' అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్ళయిన కొత్తల్లో ఈ ముక్క కనిపెట్టి ఉంటే ఎంత బాగుండేదే రాజ్యం!" అని ఆ చొక్కాలోనే మొహం దాచుకున్నారు. 

ఇదంతా తలుచుకుంటూ ఏరేసరికి నా ముందు ఎర్రటి కుప్ప తయారైంది. ఎండ వాలింది. ముఠా ఆడవాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేచారు. ఇదే సమయమని నేను గొంతు సవరించుకున్నాను. దారి పొడుగునా నాలుగుసార్లు పలికి చూసుకున్న మాటలే. "పిన్నిగారూ, మీరు ఒంటరిగా ఉండలేక ఇబ్బంది పడుతున్నారు, పైకి చెప్పుకోలేక…" అంటూ మొదలుపెట్టి, సగంలో నోరు మూసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గదిలో నిలబడి, ఆ మాటలు నా చెవులతో విని, ఎనిమిదేళ్ళుగా అందరికీ కథలా చెప్పుకుంటూ, చివరికి పరుపు కొనేదాకా వెళ్ళాను గానీ ఈవిణ్ణి ఒక్క మాట అడగలేదు.

పిన్నిగారు తలెత్తి చూశారు. కారు వెనక సీట్లో మడతపెట్టి ఉన్న పెద్ద ఖాళీ సంచుల్నీ చూశారు. అన్నీ అర్థమైపోయాయని ఆ కళ్ళే చెబుతున్నాయి.

"మీ మాటేంటి పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ బెణికిన చేతిని రెండో చేత్తో పట్టుకుని పైకి లేచారు. చుట్టూ తిరిగి నా వైపు వచ్చి, నన్ను తన చోటికి వెళ్ళమని సైగ చేసి, నా కుప్ప ముందు కూర్చున్నారు. పైపైన చెయ్యి తిప్పి ఒక తాలు కాయ తీశారు. ఇంకొకటి తీశారు. మూడోది తీసి నా చేతిలో పెట్టారు.

"చెబుతాను. చాలా ఉంది. సాయంత్రం బడి పిల్లల పేపర్లు దిద్దాలి, తొందరగా పోవాలి అనకుండా ఉంటావా?" అన్నారు.

"ఉంటాను."

నా జాకెట్టుకి జేబు లేదు. ఆ కాయని కొంగు చివర ముడి వేసుకుని, ఆవిడ కుప్ప ముందు కూర్చున్నాను.